టర్బో ముందా, జీటీఐ ముందా: అల్సాస్ నుంచి ట్యురీనీ కనుమ దాకా

శనివారం: మ్యులూజ్, వోజ్ కొండలు

1980ల నాటి ఫ్రెంచి బుల్లి కార్ల పిచ్చి ఉన్నవాళ్లలో రెండు పార్టీలుంటాయి. ఒకటి ప్యూజో 205 జీటీఐ పార్టీ, రెండోది రెనో 5 జీటీ టర్బో పార్టీ. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. బావ దగ్గరున్నది 205 జీటీఐ, 1.9 లీటర్లది, ఎరుపు. నాది జీటీ టర్బో, 1987 నుంచి వచ్చిన రెండో విడత మోడల్, తెలుపు. బావంటే మా మేనత్త కొడుకే. అక్కను చేసుకుని, బాసెల్‌లో ఉద్యోగం చేస్తూ, సరిహద్దుకు ఇవతల ఫ్రాన్స్ వైపు కాపురం పెట్టాడు. నేనుండేది స్టుట్‌గార్ట్‌లో. కలిసినప్పుడల్లా మా ఇద్దరి మధ్య ఇదే పంచాయితీ. వినీ వినీ విసుగొచ్చి అక్కే తేల్చింది. "మాటలు చాల్లే. రెండూ తీసుకుని కొండలెక్కండి. నేనొచ్చి చూస్తా."

జూన్‌లో సెలవులు చూసుకుని బయల్దేరాం. మధ్యధరా సముద్రం దాకా, వీలైనంత వరకు ఘాట్ రోడ్ల మీదే వెళ్లాలని షరతు. మ్యులూజ్‌లో ష్లుంఫ్ సోదరుల కార్ల మ్యూజియం ఉంది, బుగాటీ రొయాల్‌లు అక్కడే చూడాలి. కానీ అందులోకి అడుగుపెడితే ఆ రోజు గోవిందా. దాన్ని దాటేసి సెర్నే మీదుగా రూట్ దె క్రెత్ ఎక్కేశాం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం వేసిన రోడ్డిది. కొండల శిఖరాల వెంటే పోతుంది. వోజ్ కొండల్లో అన్నిటికన్నా ఎత్తైన గ్రాన్ బలోన్, 1424 మీటర్లు, దీని మీదే తగులుతుంది.

ఎక్కడంలోనే రెండు బండ్ల బుద్ధులూ బయటపడ్డాయి. 205లో ఉన్నది 1905 సీసీ అల్యూమినియం ఇంజన్, బాష్ ఇంజెక్షన్, 130 హార్స్‌పవర్. టర్బో గిర్బో, అంటే పొగ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలి దట్టించే పంపు, ఏమీ లేదు. కాలు ఎంత నొక్కితే అంత బలం, నొక్కిన క్షణానే. నా రెనోలో ఉన్నది 1397 సీసీ పోత ఇనుము ఇంజన్. ఆ ఇంజన్ వంశం 1962లో రెనో 8తో మొదలైంది, అప్పట్లో 956 సీసీ. వాల్వులు నడిపే కామ్‌షాఫ్ట్ ఇంకా కిందే, బ్లాకులోనే ఉంటుంది. మధ్యలో పుష్‌రాడ్లు. ఇంజెక్షన్ కూడా లేదు, సోలెక్స్ కార్బురేటరే. అలాంటి పాతకాలపు ఇంజన్‌కి గారెట్ టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తగిలించి 120 హార్స్‌పవర్ పిండారు. 1985లో వచ్చిన మొదటి విడతలో 115 ఉండేది.

కాగితం మీద చూస్తే రెండూ సమ ఉజ్జీలు. రెండూ 900 కిలోల లోపు బరువు, రెండూ 200 కిలోమీటర్ల వేగం దాటేవే. రోడ్డు మీద మాత్రం వేటి దారి వాటిదే. మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు 205 అడగ్గానే ఇస్తుంది. నా బండి మూడు వేల ఆర్పీఎం దాకా ఏమీ పట్టనట్టు ఉంటుంది. అక్కడ ఒక ఈల వినిపిస్తుంది. తర్వాత స్టీరింగ్ చేతిలో అటూ ఇటూ గుంజుతూ, ముందు చక్రాలు రోడ్డు మీద పట్టు కోసం వెతుక్కుంటూ, ఒక్క ఊపున పోతుంది. కాబట్టి మలుపు మధ్యలో ఉండగానే, అవసరం రాకముందే, కాలు వేసి ఉంచాలి. ముందుచూపు లేకపోతే ఈ బండితో కాపురం కష్టం.

గ్రాన్ బలోన్ దగ్గర ఆగితే, అక్క నా బండి దిగి చెప్పిన మొదటి మాట: "ఒరేయ్, ఇది నడపడమా, చీటీ పాడుకోవడమా? ఎప్పుడొస్తుందో తెలీదు, వస్తే మొత్తం ఒక్కసారే వస్తుంది."

మార్క్‌స్టీన్ నుంచి దిగి, మొజెల్ నది పుట్టే బ్యుసాంగ్ మీదుగా, సాయంత్రానికి బలోన్ దల్సాస్ చేరాం. 1905లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం మొదటిసారి ఎక్కిన పెద్ద కొండ ఇదే. దిగేటప్పుడు చినుకులు పడ్డాయి. బావ నెమ్మదించాడు. అంతకు ముందు దాకా నన్ను వెంటాడినవాడు ఉన్నట్టుండి సాధువైపోయాడు. కారణం నాకు తెలుసు. 205 జీటీఐకి లోకమంతా చెప్పుకునే దుర్గుణం ఒకటుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారో, బరువంతా ముందుకొస్తుంది, వెనక టైర్లు తేలికైపోతాయి, తోక బయటికి తిరుగుతుంది. చక్రాల మధ్య దూరం 2.42 మీటర్లే, కాబట్టి తిరిగిందంటే చప్పున తిరుగుతుంది. మందు ఒకటే, కాలు తీయకూడదు. తడి రోడ్డు మీద దిగుతూ, ఎదురుగా లోయ కనిపిస్తుంటే ఆ మందు మింగడం ఎంత కష్టమో ఎవరికి వాళ్లకు తెలియాల్సిందే. ఆ గుణాన్నే కొందరు వరంగా చూస్తారు. బ్రేకు మీద కాలేసి తోకను కావాలని తిప్పి, మలుపును సగానికి కోసేసేవాళ్లున్నారు. బావ ఆ జాతి కాదు. పెళ్లాం పక్కనుంటే అసలే కాదు.

బెల్ఫోర్‌లో బస. ఆవకాయ సీసా తెచ్చానని అక్క అప్పుడు చెప్పింది.

ఆదివారం: సోషో, ఆర్బ్వా

సోషో ప్యూజో వాళ్ల సొంత ఊరు లాంటిది. మ్యూజియం 1988లో తెరిచారు. కార్ల కన్నా ముందు వీళ్లు ఏమేం చేశారో చూస్తే నవ్వొస్తుంది. రంపాలు, కాఫీ గింజల మరలు, మిరియాల మరలు, కుట్టు మిషన్లు, సైకిళ్లు. కంపెనీ సింహం గుర్తు మొదట రంపాల మీదే ఉండేది.

205 కథ ఇక్కడే సరిగ్గా అర్థమవుతుంది. 1970లలో ప్యూజో ముందు సిట్రోయెన్‌ను, తర్వాత 1978లో క్రైస్లర్ యూరప్ శాఖను నెత్తికెత్తుకుంది. అప్పులూ నష్టాలూ మీద పడ్డాయి. 1983లో 205 వచ్చి ఆ కుటుంబాన్ని గట్టెక్కించింది. 1998లో ఆపేసే నాటికి 52 లక్షల 78 వేలకు పైగా చేశారు. జీటీఐ 1984లో వచ్చింది, 1.6 లీటర్లు, 105 హార్స్‌పవర్. 1986లో దాన్ని 115 చేశారు. అదే ఏడాది చివర్లో 1.9 వచ్చింది. 1.6కి 14 అంగుళాల చక్రాలు, వెనక డ్రమ్ బ్రేకులు. 1.9కి 15 అంగుళాల చక్రాలు, నాలుగు వైపులా డిస్కులు, సగం తోలు సీట్లు. నల్ల ప్లాస్టిక్ పట్టీల మధ్య ఆ సన్నటి ఎర్ర గీత, లోపల నేల మీద ఎర్ర తివాచీ రెండింటికీ ఉన్నాయి. ఇప్పటి డిజైనర్లు స్పోర్టీగా కనబడాలంటే ఎన్ని రంధ్రాలూ రెక్కలూ పెడతారో చూస్తుంటే ఆ ఒక్క ఎర్ర గీత విలువ తెలుస్తుంది.

ర్యాలీ కోసం చేసిన టర్బో 16 ఎదుట బావ చాలాసేపు నిలబడ్డాడు. రూల్స్ ప్రకారం అమ్మకానికి 200 బండ్లు చేయాలి, చేశారు. జీటీఐతో దానికి పోలిక రూపంలోనే. ఇంజన్ వెనక సీటు ఉండాల్సిన చోట ఉంటుంది, బలం నాలుగు చక్రాలకూ వెళుతుంది. జాన్ టోడ్ నడిపిన జట్టు దాంతో 1985లోనూ 1986లోనూ ప్రపంచ ర్యాలీ టైటిల్ కొట్టింది. తర్వాత ఫెరారీకీ, ఆపైన ప్రపంచ మోటార్ క్రీడల సమాఖ్యకూ పెద్దయింది ఆ టోడే. టర్బో 16 గెలిచిన పేరు జీటీఐ అమ్మకాలకు పనికొచ్చింది. పేరు ఒకరిది, గల్లా పెట్టె ఇంకొకరిది.

ఇక్కడ మనవాళ్ల సంగతొకటి. 1990లలో ప్రీమియర్ కంపెనీతో కలిసి బొంబాయి పక్కన కల్యాణ్‌లో ప్యూజో 309 తయారు చేశారు, గుర్తుండే ఉంటుంది. విజయవాడలో మా పెదనాన్నగారి దగ్గర ఒకటుండేది. ఆ 309 డోర్లు 205వే. "అంటే చిన్నప్పుడు నేను 205 తలుపు తీసి ఎక్కినవాణ్నే" అని బావ లెక్క. కాదనడానికి వీల్లేదు, తలుపు మటుకు అదే.

గీత గీసినవాళ్ల దగ్గర నాకూ ఒక మాట దొరికింది. 205 రూపానికి పెద్ద దిక్కు జెరార్ వెల్తెర్, ప్యూజో ఇంటి మనిషే. ఆయన సొంతంగా ల మాన్ 24 గంటల కార్ల పందెం జట్టు ఒకటి నడిపాడు. 1988లో వాళ్ల బండి అక్కడి తిన్నటి రోడ్డు మీద గంటకు 405 కిలోమీటర్లు అందుకుంది. బావ ఆ సంగతి గొప్పగా చెబుతుంటే ఆగి విన్నాను. తర్వాత నెమ్మదిగా అన్నాను. "మా రెనో గీసింది మార్చెల్లో గాండినీ. లాంబోర్గినీ మియురా, కౌంటాష్ గీసిన చెయ్యి." అక్క రెండు బండ్లనూ పార్కింగ్‌లో పక్కపక్కన చూసి, "కౌంటాష్ గీసినాయన దీనికి మాత్రం సెలవు మీద ఉన్నాడేమోరా" అంది. నిజానికి గాండినీ చేసిన పనే కష్టం. 1972 నాటి రెనో 5 ఫ్రాన్స్‌లో ఇంటింటి బండి. దాని ముఖం చెడకుండా, లోపల ఇంజన్‌ను అడ్డంగా తిప్పి, అంతా కొత్తది చేయాలి. 1984లో వచ్చిన ఆ సూపర్ సాంక్‌ను, అంటే నా బండికి మూలమైన రెండో తరం రెనో 5ను, చూసి జనం పాత బండేననుకున్నారంటే ఆయన నెగ్గినట్టే.

మధ్యాహ్నం తర్వాత డూ నది వెంట పడి, బెజాన్సోన్ మీదుగా ఆర్బ్వా చేరాం. లూయీ పాశ్చర్ పెరిగిన ఊరు, ఇల్లు ఉంది. కోంతె జున్నుతో ఆవకాయ నంజుకోవడం అక్క కనిపెట్టింది. ఫ్రెంచివాళ్లకు చెప్పకపోవడం మంచిది.

సోమవారం: జ్యురా నుంచి గ్రెనోబుల్

వాన. రోజంతా వైపర్లు. 205 కిటికీ అద్దాలు పెద్దవి, స్తంభాలు సన్నవి, బయటంతా కనబడుతుంది. వానలో అది ఎంత హాయో బావ బండిలో ఒక గంట కూర్చున్నాక ఒప్పుకోక తప్పలేదు. డాష్‌బోర్డు ప్లాస్టిక్ మాత్రం రెండింట్లోనూ గలగలే.

మంగళవారం: రూట్ నెపోలియన్

ఎల్బా ద్వీపం నుంచి తప్పించుకుని 1815 మార్చిలో నెపోలియన్ గోల్ఫ్ జువాన్‌లో దిగి, గ్రెనోబుల్ దాకా నడిచిన దారిని 1932లో రూట్ నెపోలియన్ పేరుతో తెరిచారు. మేం దాన్ని తలకిందులుగా పట్టాం. విజిల్ నుంచి లఫ్రే వైపు ఎక్కే వాలు మహా ఏటవాలు. దిగేటప్పుడు బ్రేకులు కాలి బస్సులు లోయలో పడిన చరిత్ర ఉంది. అందుకే బస్సులనీ లారీలనీ అటు దిగనివ్వరు. పైన పచ్చిక మైదానం. తనను పట్టుకోవడానికి వచ్చిన రాజుగారి సైనికుల ముందు నెపోలియన్ కోటు తెరిచి నిలబడ్డ చోటు అదే. గుర్రం మీద విగ్రహం పెట్టారు.

లఫ్రే ఎక్కడంలో నా టర్బో తన అసలు పని చూపించింది. ఒకే ఏటవాలు, పొడుగాటి ఎక్కుడు, మూడో గేరు. ఈల ఆగదు, బలం ఆగదు. బావ గేరు మార్చుకుంటూ వెనకబడ్డాడు. ఎక్కడం అయిపోయాక ఆయన నోట, "సరేలే, ఎక్కుళ్లు నీవి" అన్న మాట రాబట్టాను.

కోర్ దాటాక ఎండ మండింది. గాప్ దాటి సిస్తెరోన్ చేరేసరికి రోడ్డు మీద ఆవిర్లు. ఇక్కడ రెనో వాళ్లందరికీ తెలిసిన ఒక పూజ ఉంది. ఈ బండి కార్బురేటర్ టర్బో పక్కనే ఉంటుంది, టర్బో ఊదే గాలి దాని గుండానే పోతుంది. వేడి మీద ఆపేస్తే కదలని వేడిగాలిలో పెట్రోలు ఆవిరైపోతుంది. పది నిమిషాలకు స్టార్ట్ చేయబోతే ఇంజన్ మొండికేస్తుంది. ఈ మోడల్ గురించి రాసినవాళ్లందరూ ఈ ముక్క రాశారు. రెండో విడతలో టర్బోకు నీళ్ల చల్లదనం ఇచ్చారు, బేరింగులకు మేలు జరిగింది, కానీ కార్బురేటర్ సంగతి అదే. కాబట్టి ఊళ్లోకి వచ్చే ముందు చివరి రెండు మూడు కిలోమీటర్లు టర్బో ఈల వినిపించకుండా నెమ్మదిగా నడపాలి. ఆపాక ఇంజన్‌ను ఒక నిమిషం ఊరికే తిరగనివ్వాలి. తర్వాత బానెట్ ఎత్తి పెట్టాలి. సిస్తెరోన్ కోట నీడలో బానెట్ ఎత్తి నేను అదే చేశాను. పొగలు కావు, వేడి అలలు లేచాయి. సోలెక్స్ మీద చెయ్యి పెడితే పెట్టిన వేగంతోనే తీసుకున్నాను. కాఫీ తాగి వచ్చేసరికి చెయ్యి ఆనించి ఉంచగలిగాను. తాళం తిప్పాను, అందుకుంది.

బావ అప్పటికే పెట్రోలు పోయించుకుని, అద్దాలు తుడిచి, సీట్లో కూర్చుని మమ్మల్ని చూస్తున్నాడు. "ఏం బామ్మర్దీ, హారతి అయిందా?" అన్నాడు. పెట్రోలు విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మతం. మామూలుగా దొరికే ఇ10లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు గొట్టాలకు మంచిది కాదు. అందుకే ఖరీదైనా 98 సాన్ ప్లోమ్, అంటే సీసం లేని 98 రకం, పోయిస్తాం.

కాస్తెలాన్‌లో రాత్రి. ఊరి మీద నిటారుగా కొండ, దాని కొన మీద చిన్న గుడి. బస చేసిన చోట పెరట్లో ఒక బూడిద రంగు 205 జీటీఐ కనబడింది. చక్రాలు చూస్తే 14 అంగుళాలవి, 1.6. యజమాని డెబ్బయి దాటిన పెద్దాయన. మా రెండు బండ్లనీ చుట్టూ తిరిగి చూశాడు. నా దాని ముందు ఎక్కువసేపు ఆగాడు, బావ దాని ముందు తక్కువసేపు. తర్వాత నన్ను తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని సరస్సు వైపు ఒక చుట్టు తిప్పాడు. 115 హార్స్‌పవరే. కానీ గేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఇంజన్ ఆర్పీఎం మీటరు ఎర్ర గీత దాకా గొంతెత్తి పాడుతుంది. 1.9లో లాగా కింద నుంచి మోత బలం ఉండదు, కష్టపడి సంపాదించుకోవాలి. ఆ కష్టంలోనే మజా ఉంది. ఆయన మలుపుల్లో కాలు తీయనే లేదు. బ్రేకు కూడా పెద్దగా తాకలేదు. ముందు నుంచి మలుపును ఎంత వేగంతో పట్టాలో అంతే వేగంతో పట్టాడు. కొన్నప్పటి నుంచీ ఇదే బండి, సంతకు వెళ్లడానికీ ఇదేనట. తిరిగొచ్చాక బావకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు కానీ, అక్కకు చెప్పాను.

బుధవారం: ట్యురీనీ కనుమ

ఫ్రెంచి కోటల ఇంజనీరు వోబాన్ కట్టిన అంత్రెవో కోటను దాటి, వార్ నది వెంట దిగి, వెజ్యుబీ లోయలోకి తిరిగాం. లా బొలేన్ ఊరి నుంచి ట్యురీనీకి ఎక్కే రోడ్డు మోంటే కార్లో ర్యాలీ చూసేవాళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది. కనుమ 1607 మీటర్లు. జనవరి రాత్రుల్లో ఇక్కడ దీపాలేసుకుని బండ్లు దూసుకుపోతుంటే, రోడ్డు ఆరిన చోట జనమే పారలతో మంచు పోసి సరదా చూస్తారు.

మా రెండు బండ్ల పెద్దవాళ్లకూ ఈ ర్యాలీతో చుట్టరికం ఉంది. 1978లో రెనో 5 ఆల్పీన్‌లు, నా బండి ఇంజన్ తాతలతోనే, రెండో స్థానంలోనూ మూడో స్థానంలోనూ నిలిచాయి. గెలిచింది పోర్షె. 1981లో ఇంజన్ వెనక్కి పెట్టిన రెనో 5 టర్బోతో జాన్ రాన్యొత్తీ గెలిచాడు. 1985లో ఆరీ వతానెన్ 205 టర్బో 16తో గెలిచిన తీరు ఇంకా చిత్రం. చెక్‌పోస్టులో ముందే హాజరు వేయించుకున్నందుకు ఎనిమిది నిమిషాల జరిమానా పడింది. ఆ ఎనిమిది నిమిషాలూ పూడ్చి, ఆడీలో ఉన్న వాల్టర్ రోల్‌ను దాటి గెలిచాడు. బావకు ఈ కథ చెప్పడమంటే ఇష్టం. నాకు మాత్రం 1989 ఐవరీ కోస్ట్ ర్యాలీ ఇష్టం. అలాన్ ఒరేయ్ అనే ఆయన షోరూమ్ బండికి కొద్దిపాటి మార్పులే అనుమతించే గ్రూప్ ఎన్ తరగతిలో, ఇదే రెనో 5 జీటీ టర్బోతో, ప్రపంచ ర్యాలీని మొత్తానికే గెలిచాడు. ఆ తరగతి బండి అలా గెలవడం అదే మొదలు. జీటీఐ రూపంలో ఉన్న వేరే బండి గెలిస్తే అదొక గొప్ప, నా వాకిట్లో ఉన్న బండే గెలిస్తే అది వేరే గొప్ప.

ఎక్కేటప్పుడు ఇద్దరం బండ్లు మార్చుకున్నాం. అక్క నా పక్కన, అంటే 205లో. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న హెయిర్‌పిన్ మలుపులు. లఫ్రే లాంటి పొడుగు ఎక్కుడు కాదిది, యాభై మీటర్లు వదిలితే బ్రేకు, మళ్లీ యాభై. ఇక్కడ టర్బోకు ఊపిరి పీల్చుకునే వ్యవధే లేదు. రెండో గేరులో 205 ప్రతి మలుపు నుంచీ అప్పటికప్పుడు లేస్తుంది. పవర్ స్టీరింగ్ లేదు, బుజాలు పట్టేస్తాయి, కానీ రోడ్డు మీది ప్రతి గులకరాయీ అరచేతికి తెలుస్తుంది. వెనక అద్దంలో నా బండిని చూసుకుంటున్నాను. మలుపు మలుపుకూ చిన్నదవుతోంది, మధ్యలో ఉన్నట్టుండి పెద్దదై మీదికి వచ్చేస్తోంది, మళ్లీ చిన్నదవుతోంది. పైకి వచ్చాక బావ చెమటలు కక్కుతూ దిగాడు.

"దీన్ని రోజూ ఎలా భరిస్తావురా?"

"రోజూ ఎవరు తీస్తారు బావా?"

అదే అసలు విషయం. 205ని ఇప్పటికీ రోజూ వాడుకోవచ్చు. తాళం తిప్పితే వస్తుంది, ఎండలో ఆపితే మళ్లీ వస్తుంది, కంపెనీ పాత బండ్ల విభాగమే కొన్ని విడిభాగాలు మళ్లీ తయారుచేసి అమ్ముతోంది. జీటీ టర్బోను తీయాలంటే ముందురోజే మనసులో అనుకోవాలి. రెండూ పక్కపక్కన పెట్టి ఏది మంచి బండి అని అడిగితే, నా రెనో తాళం జేబులో పెట్టుకునే చెబుతున్నాను, 205. ఏది అరుదైన బండి అంటే మాత్రం రెనో. అదీ కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టు ఉన్న రెనో.

ఎందుకంటే టర్బో ఉన్న బండిలో బలం పెంచడం చవక. గాలి ఒత్తిడిని అదుపు చేసే చోట చిన్న మార్పు చేస్తే చాలు, హార్స్‌పవర్ పెరుగుతుంది. 1990లలో ఈ బండ్లు కుర్రాళ్ల చేతుల్లో పడ్డాయి. ఒత్తిడి పెంచారు, సైలెన్సర్లు మార్చారు, వెడల్పు చక్రాలు తొడిగారు, పక్కల ప్లాస్టిక్ తొడుగులు పగలగొట్టుకున్నారు. హెడ్ గాస్కెట్లు పోయాయి, చాలా బండ్లు చెట్లకు గుద్దుకుపోయాయి. మిగిలినవాటిలో కొన్నింటిని తుప్పు తినేసింది. ఈ విషయంలో 205 రేకు మెరుగు. కాబట్టి ఇవాళ చెయ్యి పెట్టని జీటీ టర్బో కనబడితే పాత బిల్లులన్నీ అడిగి చూడాలి, బలం ఎంతని అడక్కూడదు. జర్మనీలో ముప్పై ఏళ్లు దాటిన బండికి హెచ్ నంబరు ప్లేటు ఇస్తారు, పన్ను తక్కువ, నగరాల కాలుష్య ఆంక్షలు వర్తించవు. బండి అసలు రూపంలో, లేదా ఆ కాలానికి తగిన మార్పులతో ఉంటేనే ఇస్తారు. ఫ్రాన్స్‌లోనూ ముప్పై ఏళ్లకు కలెక్షన్ కార్డు వస్తుంది, తనిఖీ ఐదేళ్లకోసారే.

205లోనూ మోసాలున్నాయి, ఇంకో రకంవి. 1.6కి 1.9 ఇంజన్, చక్రాలు తగిలించి అమ్మేవాళ్లున్నారు. 405 నుంచి తీసిన 16 వాల్వుల ఇంజన్ పెట్టినవీ తిరుగుతున్నాయి. అవి నడపడానికి దివ్యంగా ఉంటాయి, సేకరణకు పనికిరావు. వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది వెనక ఇరుసు. చక్రాలను పట్టుకునే చేతులు సన్న సూదుల్లాంటి బేరింగుల మీద తిరుగుతాయి. లోపలికి నీళ్లు చేరి, గ్రీజు ఎండిపోతే బేరింగులు పిండైపోతాయి, షాఫ్టును కూడా తినేస్తాయి. కనిపెట్టడానికి బండి కిందికి దూరనక్కర్లేదు. పది అడుగులు వెనక్కి వెళ్లి నేల మీద గొంతుక్కూర్చుని చూడాలి. వెనక చక్రాల పైభాగాలు లోపలికి వాలి, కింది భాగాలు బయటికి తన్ని ఉంటే ఇరుసు పోయినట్టే. ట్యురీనీ మీద బావ బండి వెనక ముగ్గురం వరసగా గొంతుక్కూర్చుని చూస్తుంటే, సైకిళ్ల మీద వచ్చిన వాళ్లు ఏమనుకున్నారో గానీ పలకరించలేదు. బావ బండి చక్రాలు నిటారుగానే ఉన్నాయి. పోయినేడు మార్పించాడు, బిల్లు ఎంతైందో అక్క ముందు చెప్పడు.

మూలినే వైపు దిగే రోడ్డు మీద లా మెనూర్ గుడి ఉంది. రోడ్డుకు అడ్డంగా కట్టిన వంతెన మీదుగా మెట్లెక్కి వెళ్లాలి. సోస్పెల్ చేరేసరికి చీకటి.

గురువారం: సోస్పెల్, నీస్

పొద్దున బ్రోస్ కనుమ మీదుగా నీస్‌కు దిగేటప్పుడు అక్క నడిపింది. ముందు 205, సగం దారిలో మార్చి నా రెనో. రెండింట్లోనూ మేం నోరు మూసుకుని పక్కన కూర్చున్నాం. పాత ఊళ్లో సొక్కా తింటూ తీర్పు అడిగాం. సొక్కా అంటే శెనగపిండి అట్టే, పెద్ద రాగి పళ్లెంలో కట్టెల పొయ్యిలో కాలుస్తారు, మిరియాల పొడి చల్లి ఇస్తారు.

"ఏవండీ, మీది మంచిదే. కానీ మీరు దానికి భయపడుతున్నారు. బండి కూడా అది కనిపెట్టింది" అంది బావతో. నా వైపు తిరిగి, "నీది నాకు నచ్చింది, కానీ నా చేతికివ్వద్దు." తర్వాత ఫోన్ తీసి మా ముందు పెట్టింది. కాస్తెలాన్ పెద్దాయన 1.6 గురించి నేను చెప్పినప్పటి నుంచీ ప్రకటనలు చూస్తోందట. మంచి 205 జీటీఐ ధర ఇప్పుడు 20,000 యూరోలు దాటుతుంది, 1.6లు కాస్త తక్కువకు దొరుకుతాయి. తను చూపించినవాడు అడిగేది అంతకన్నా బాగా తక్కువ. తెల్ల 1.6, తిరుగు దారిలోనే ఉన్న ఊరు, ఎర్ర తివాచీ కూడా మెరుస్తోంది.

బావ ఒక్కొక్క ఫొటోనే జరుపుతూ పోయాడు. ముందు నుంచి, పక్క నుంచి, ఇంజన్, సీట్లు, మళ్లీ ముందు నుంచి. ఐదో ఆరో ఫొటోలో బండి వెనక భాగం, గేటు ముందు నిలబెట్టి తీసింది. ఇద్దరం ఏమీ అనకముందే అక్క ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, గేటు కమ్మీలతో చక్రాలను పోల్చి చూసింది. కమ్మీలు నిలువుగా ఉన్నాయి, చక్రాలు లేవు.

"ఇరుసు ఖర్చు తగ్గించి అడుగుదామా?" అన్నాడు బావ.

"ఆ ఖర్చెంతో మీరు ముందు చెప్పండి" అంది అక్క.

బావ సొక్కా ఇంకో పళ్లెం చెప్పడానికి లేచాడు.